పిడుగు తగిలితే విమానం పారాచూట్ దానంతటదే తెరుచుకుంటుందా?

ఫ్లోరిడాలో పైలట్ ట్రైనింగ్ తీసుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది: "మా స్కూల్లో సిర్రస్ ఎస్ఆర్20 అనే చిన్న విమానాలు నడుపుతాం. పైకప్పులో ఎర్ర హ్యాండిల్, వెనకాల రాకెట్‌తో పారాచూట్ ఉంటాయి. పిడుగు తగిలితే ఆ రాకెట్ అంటుకుని గాల్లోనే పారాచూట్ తెరుచుకుంటుందని ఒక సీనియర్ అన్నాడు. అందుకని మబ్బు పట్టిన రోజుల్లో అతను హ్యాండిల్ సేఫ్టీ పిన్ తీయకుండానే ఎగురుతాడట. ఇది నిజమేనా? నేనూ అలాగే చేయాలా?"

ముందు రెండో ప్రశ్న సంగతి తేల్చేద్దాం. హ్యాండిల్ లాగడానికి వీల్లేకుండా ఆపేది ఆ పిన్నే, దాన్ని పెట్టుకుని ఎగరొద్దు. మబ్బున్నా, ఎండగా ఉన్నా, ఒక్క రౌండు కొట్టి దిగిపోయేదైనా సరే, ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు పిన్ బయటికి రావాల్సిందే. చెక్‌లిస్టులో ఆ లైను ఊరికే లేదు.

ఇక మొదటి ప్రశ్న. మెకానికల్ ఇగ్నైటర్ (కరెంటు లేకుండా, కేబుల్ లాగితే రాకెట్‌ని అంటించే ఏర్పాటు) ఉన్న సిర్రస్‌లో పిడుగు వల్ల రాకెట్ అంటుకునే అవకాశం దాదాపు లేదు. "దాదాపు" అని ఎందుకంటున్నానో కింద చెప్తాను, ఎందుకంటే అసలు ఆసక్తికరమైన విషయం అక్కడే ఉంది. నేను చిన్న విమానాల మెయింటెనెన్స్‌లో చాలా కాలంగా ఉన్నాను. పిడుగు తగిలి వచ్చిన విమానాలను విప్పి చూశాను, పారాచూట్‌లను రీప్యాక్ కోసం, అంటే మళ్ళీ మడతపెట్టించడానికి, దించి మళ్ళీ బిగించే పనీ చేశాను. పిడుగు దెబ్బకి పారాచూట్ బయటికొచ్చిన విమానం మాత్రం నా కంటబడలేదు.

మీ సీనియర్ భయం పూర్తిగా తెలివితక్కువదని అనను. రాకెట్ అంటే మందుగుండు, పిడుగు అంటే నిప్పు, రెండూ నడినెత్తి మీదే ఉంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ మందుగుండు దేనివల్ల అంటుకుంటుందో ఒకసారి చూడండి.

సిర్రస్ వాళ్ళు దీన్ని క్యాప్స్ అంటారు. విమానాన్ని మనుషులతో సహా కిందికి దించే పారాచూట్ అన్నమాట. ఆ కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఒకరైన అలన్ క్లాప్‌మైయర్ 1985లో ఆకాశంలో మరో విమానం ఢీకొని బతికి బయటపడ్డాడు. రెండో విమానం పైలట్ చనిపోయాడు. తమ విమానంలో పారాచూట్ ఉండి తీరాలన్న పట్టుదల వాళ్ళకి అక్కడి నుంచే వచ్చింది. 1998లో ఎస్ఆర్20కి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్ వచ్చేనాటికి అది స్టాండర్డ్ సామగ్రి అయిపోయింది. మొదట దాన్ని తయారుచేసి ఇచ్చింది మినెసోటాకి చెందిన బీఆర్ఎస్. అల్ట్రాలైట్లనే అతి తేలికైన బుల్లి విమానాల కోసం 1980ల మొదటి నుంచీ ఇదే పనిలో ఉన్న కంపెనీ అది.

పాత తరాల సిర్రస్‌లలో మీ తల మీది ఎర్ర హ్యాండిల్ నుంచి ఒక స్టీలు కేబుల్ పైకప్పులోంచి వెనక్కి వెళ్తుంది. సామాను అర వెనకాల గోడ దాటాక రాకెట్ ఉంటుంది. హ్యాండిల్ లాగితే ముందు కేబుల్‌లో ఉన్న సుమారు 6 అంగుళాల వదులు తీరుతుంది. అప్పటిదాకా ఏమీ జరగదు. ఆ తర్వాత ఇంకా లాగితేనే ఒక స్ప్రింగ్ బిగుసుకుని, చివర్లో ఫైరింగ్ పిన్‌ని వదిలేస్తుంది. ఆ పిన్ పోయి ప్రైమర్‌ని కొడుతుంది. తుపాకీ తూటా వెనక ఉండే ప్రైమర్ లాంటిదే అది, దెబ్బ తగిలితే మండుతుంది. దాని మంటకి రాకెట్‌లోని ఘన ఇంధనం అంటుకుంటుంది. ఇదంతా జరగడానికి 45 పౌండ్ల దాకా, అంటే ఇరవై కిలోల బరువంత బలం పెట్టాల్సి రావచ్చని మీ హ్యాండ్‌బుక్కే చెప్తుంది. రెండు చేతులతో పట్టుకుని, కసరత్తు బార్‌కి వేలాడినట్టు నిటారుగా కిందికి లాగమనేది అందుకే.

ఈ వరసలో ఎక్కడా బ్యాటరీ లేదు, వైరు లేదు, స్విచ్ లేదు. కరెంటు వచ్చి ఈ స్ప్రింగుని బిగించడం కుదరదు. కేబుల్‌లో వేల ఆంపియర్లు పారినా సరే, ఆ కేబుల్ కొన్ని అంగుళాలు ముందుకి జరిగితే తప్ప ఫైరింగ్ పిన్ కదలదు. పిడుగులో అసలు పెద్ద దెబ్బ సెకనులో వెయ్యో వంతులోపే అయిపోతుంది. దాని అయస్కాంత బలం కేబుల్‌ని అదిలించవచ్చు గానీ, వదులంతా తీర్చి, స్ప్రింగ్ బిగించి, పిన్ వదిలేంత దూరం లాగడం దాని పని కాదు.

మరి "దాదాపు" ఎందుకు?

మీ విమానం అల్యూమినియంది కాదు కాబట్టి. అల్యూమినియంతో చేసిన సెస్నా 172 లాంటి విమానానికి పిడుగు తగిలితే కరెంటు ఎక్కువగా పై లోహపు తొడుగు మీద నుంచే పారి, మరో చివర నుంచి పోతుంది. లోపలున్న మనిషికీ వైర్లకీ ఆ తొడుగే రక్ష. మీ విమానం బాడీ కాంపోజిట్, అంటే ఫైబర్‌గ్లాస్ పొరల్ని జిగురుతో అతికించి చేసిన పదార్థం, దానికి ఆ గుణం లేదు. కరెంటుకి దారి దొరక్కపోతే అదే దారి చేసుకుంటుంది. పై పొరను పొడుచుకుని లోపలికి దిగి, అక్కడ ఏ లోహం దొరికితే దాన్ని పట్టుకుంటుంది. అందుకే ఇలాంటి విమానాల్లో పై పొర కింద సన్నటి అల్యూమినియం లేదా రాగి జాలీ వేయడం, లోహపు భాగాలన్నిటినీ పట్టీలతో ఒకదానికొకటి కలపడం లాంటి ఏర్పాట్లు ఉంటాయి. కరెంటు లోపలికి దిగకుండా పైపైనే పోవాలని.

ఆ ఏర్పాట్లేవీ లేకపోతే ఏమవుతుందో చూపించిన ఘటన ఒకటుంది. 1999 ఏప్రిల్ 17న ఇంగ్లండ్‌లో డన్‌స్టబుల్ దగ్గర ఏఎస్‌కే 21 అనే గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) ఎగురుతోంది. ఫైబర్‌గ్లాస్ గ్లైడర్, పిడుగు రక్షణ లేదు. అలాంటి గ్లైడర్లకి అది ఉండాలన్న నియమమూ అప్పుడు లేదు. ఒక ఇన్‌స్ట్రక్టరు, ఒక ట్రైనీ ఉన్నారు. పిడుగు పడింది. కరెంటు రెక్కల లోపల ఐలరాన్లని (విమానాన్ని పక్కలకి వంచే పలకల్ని) కదిపే అల్యూమినియం గొట్టాల్లోంచి పోయింది. గొట్టాల చుట్టూ ఉన్న గాలి ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచించి, రెక్కల్ని లోపలి నుంచే పగలగొట్టింది. గ్లైడర్ గాల్లోనే ముక్కలైంది. గ్లైడర్ పైలట్లకి వీపున సొంత పారాచూట్ కట్టుకునే అలవాటు ఉంది కాబట్టి ఇద్దరూ దూకి బతికారు.

ఆ ప్రమాదం మీద జరిగిన దర్యాప్తులో నాకు బాగా నచ్చేది అక్కడి ఇంజనీర్లు కరెంటుని కొలిచిన తీరు. పిడుగుకి మీటరు పెట్టి ఎవరూ కూర్చోరు కదా. ఆ గొట్టాలు అయస్కాంత బలానికి లోపలికి నొక్కుకుపోయి నలిగిపోయాయి. అలాంటి గొట్టాలనే ల్యాబ్‌లో భారీ కరెంటుతో నలిపి, ఎంత కరెంటుకి అంతలా నలుగుతాయో చూసి, పడిన పిడుగు బలాన్ని లెక్కగట్టారు. పెద్ద విమానాలని పరీక్షించే ప్రమాణాన్ని కూడా అది చాలా దూరం దాటేసిందని తేలింది. ఆ ప్రమాణం తక్కువదేం కాదు, 2,00,000 ఆంపియర్ల గరిష్ఠ కరెంటు. మామూలు పిడుగు 30,000 దగ్గర ఉంటుంది.

ఇది మీ ప్రశ్నకి ఎక్కడ తగులుతుందంటే, క్యాప్స్ కేబుల్ కూడా కాంపోజిట్ గొట్టం లాంటి బాడీ లోపల పొడుగ్గా పరిచిన లోహమే. రాకెట్ చుట్టూ కూడా లోహమే. పై రక్షణని మించిన పిడుగు వచ్చి లోపలికి దిగితే ఆ లోహాన్ని పట్టుకోదని ఏ ఇంజనీరూ కాగితం మీద రాసివ్వడు. ప్రైమర్, ఇంధనం లోహపు డబ్బాలో భద్రంగా ఉంటాయి, పిడుగు వేడి క్షణంలో పోతుంది, కాబట్టి అంటుకోవడం చాలా కష్టం. అయినా సున్నా అని అనను. కాకపోతే అంత పిడుగు మీ విమానం లోపలికి దిగిన రోజున, రాకెట్ సంగతి మీ బాధల వరసలో ఐదోదో ఆరోదో అవుతుంది. గ్లైడర్‌లోని ఆ ఇద్దర్నీ కాపాడింది పారాచూటే అన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది మెకానికల్ ఇగ్నైటర్ గురించి. సిర్రస్ తర్వాతి తరాల్లో కరెంటుతో రాకెట్‌ని అంటించే ఎలక్ట్రిక్ ఇగ్నైటర్లు వచ్చాయి. ఆ కంపెనీ జెట్‌లో అయితే హ్యాండిల్ లాగితే ముందు ఆటోపైలట్‌కి కబురు పోయి, స్పీడు ఎక్కువగా ఉంటే తగ్గించే ప్రయత్నం జరిగి, ఆ తర్వాత పారాచూట్ వస్తుంది. మీ సీనియర్ భయానికి కాస్తయినా ఆధారం ఉందంటే ఇక్కడే. కరెంటుతో అంటుకునే మందు ఉన్నచోట, అక్కర్లేని కరెంటు వచ్చి దాన్ని అంటించే ప్రమాదం సిద్ధాంతపరంగా ఉంటుంది.

సిద్ధాంతం ఏమిటి, నిజంగానే జరిగింది కూడా. విమానంలో కాదు, నేల మీద. 1987 జూన్‌లో అమెరికాలోని వర్జీనియా తీరంలో నాసా వాళ్ళ వాలప్స్ ఐలండ్ కేంద్రంలో లాంచ్ ప్యాడ్ల మీద చిన్న రాకెట్లు సిద్ధంగా ఉన్నాయి. ఉరుముల వాన వచ్చింది. పిడుగు పడింది. మూడు రాకెట్లు ఎవరూ మీట నొక్కకుండానే అంటుకుని ఎగిరిపోయాయి. అందులో ఒకటి ఉరుముల వానని పరిశోధించడానికి పెట్టిందే! అదే ఏడాది మార్చి 26న కేప్ కెనావరల్ నుంచి లేచిన అట్లాస్-సెంటార్ రాకెట్‌కి పిడుగు తగిలింది. పై తొడుగుకి పెద్దగా ఏమీ కాలేదు గానీ కంప్యూటర్ మెమరీలో ఒక విలువ మారిపోయింది. రాకెట్ అడ్డం తిరిగింది, దాన్ని పేల్చేయాల్సి వచ్చింది. నేరుగా తగిలే దెబ్బ ఒక ఎత్తు, వైర్లలో పుట్టే దొంగ కరెంటు ఇంకో ఎత్తు.

ఎలక్ట్రిక్ ఇగ్నైటర్లు తయారుచేసేవాళ్ళకి ఇది తెలియనిదేం కాదు. సైనిక, అంతరిక్ష రంగాల్లో ఎప్పటి నుంచో ఒక నియమం ఉంది: ఇగ్నైటర్‌లో 1 ఆంపియర్ కరెంటు, 1 వాట్ శక్తి చొప్పున 5 నిమిషాలు పోనిచ్చినా అది అంటుకోకూడదు. దానికి తోడు వైర్లని మెలిపెట్టి, చుట్టూ లోహపు అల్లిక తొడిగి, మామూలు సమయంలో రెండు కొనల్నీ కలిపి ఉంచుతారు. దొంగ కరెంటు వచ్చినా ఇగ్నైటర్‌లోంచి పోకుండా పక్కనుంచే పోతుంది. సర్టిఫికెట్ ఉన్న విమానంలో ఇవన్నీ కాగితాల మీద చూపించి, పరీక్షల్లో నెగ్గితేనే అనుమతి వస్తుంది. ఇంట్లో కట్టుకునే కిట్ విమానాల్లో, కొన్ని అల్ట్రాలైట్లలో యజమానే సొంతంగా బిగించిన పారాచూట్‌ల గురించి మాత్రం నేను ఇంత ధీమాగా చెప్పను. అక్కడ కేబుల్ ఎటు తిప్పారో, రేడియో యాంటెన్నా వైరు పక్కనే పోనిచ్చారో, చూస్తే తప్ప తెలియదు.

మీ స్కూలు విమానం ఏ తరానిదో, ఇగ్నైటర్ ఏ రకమో పైలట్ హ్యాండ్‌బుక్ ఏడో సెక్షన్‌లో ఉంటుంది. ఒకసారి చదవండి. పదో సెక్షన్‌లో పారాచూట్ ఎప్పుడు లాగాలో ఉంటుంది, అది రెండుసార్లు చదవండి.

నిజానికి అనుకోకుండా రాకెట్ అంటుకోవడం గురించి భయపడాల్సింది ఆకాశంలో కన్నా హ్యాంగర్‌లోనే ఎక్కువ. పిన్ పెట్టకుండా పైకప్పు ప్యానెళ్ళు విప్పేవాళ్ళు, కేబుల్ పట్టుకుని వేలాడేవాళ్ళు, ఎక్కుతూ దిగుతూ ఆసరా కోసం హ్యాండిల్ మీద చెయ్యి వేసే ప్యాసింజర్లు, వెనక సీట్లో కూర్చుని "ఇదేంటి అంకుల్?" అని చెయ్యి చాచే పిల్లలు. పిన్ ఉన్నది వీళ్ళ కోసం. రెండోది, కూలిన విమానం. బాడీ విరిగినప్పుడు కేబుల్ సాగి బిగుసుకుని ఉండొచ్చు, రాకెట్ ఇంకా పేలకుండా ఉండొచ్చు. అలాంటి శిథిలాన్ని తెలియక కోసే ఫైర్ సిబ్బందికి అది పెద్ద ప్రమాదం. బాడీ మీద రాకెట్ బయటికొచ్చే చోట హెచ్చరిక స్టిక్కర్లు అందుకే అంటిస్తారు. మూడోది మంట. మందుగుండు కదా, బయటి నుంచి ఎక్కువసేపు కాలితే అంటుకుంటుంది. పిడుగు ఈ మూడింటిలో ఏదీ కాదు.

సరే, వాదన కోసం పారాచూట్ గాల్లో దానంతటదే వచ్చేసిందనుకుందాం. రాకెట్ సంచిని వెనక్కి, పైకి లాగుతుంది. పైకప్పు పొర కింద పాతిపెట్టిన ముందు పట్టీలు ఫైబర్‌గ్లాస్‌ని చీల్చుకుంటూ బయటికి వస్తాయి. పాత తరాల్లో 55 అడుగుల వ్యాసం ఉన్న గొడుగు అది. ఒక్కసారిగా విచ్చుకుంటే పట్టీలు తెగుతాయి కాబట్టి, తాళ్ళ మీద జారే ఒక రింగు దాన్ని మెల్లగా విచ్చుకోనిస్తుంది. మొదట ముక్కు కిందికి ఉంటుంది. 8 సెకన్ల తర్వాత చిన్న కట్టర్లు వెనక పట్టీని వదిలేస్తే విమానం సమంగా వేలాడుతుంది. ఆపైన నిమిషానికి సుమారు 1,700 అడుగుల చొప్పున దిగుతుంది. నేల తాకినప్పటి దెబ్బ 13 అడుగుల ఎత్తు నుంచి పడినంత. సీట్లు ఆ దెబ్బకి నలిగేలా కట్టినవే. 133 నాట్ల (గంటకి సుమారు 246 కిలోమీటర్ల) స్పీడు దగ్గర దీన్ని పరీక్షించి చూపించారు. అంతకు మించిన స్పీడులో తెరుచుకుంటే పట్టీల మీద, గుడ్డ మీద పడే బరువు స్పీడు వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే స్పీడు రెట్టింపైతే బరువు నాలుగింతలు. ప్రమాదం అక్కడ. ఎస్ఆర్20 మామూలు క్రూజ్‌లో ఆ సంఖ్యకి మరీ దూరంగా ఉండదు కాబట్టి, అనుకోకుండా తెరుచుకున్నా బతికి దిగే అవకాశం బాగానే ఉంటుంది. ఇప్పటిదాకా క్యాప్స్‌తో బతికినవాళ్ళు 200 మంది పైనే.

పిన్ పెట్టుకుని ఎగిరే మీ సీనియర్ చేస్తున్న బేరం ఇప్పుడు చూడండి. జరగని ప్రమాదాన్ని తప్పించుకోవడానికి, జరిగే ప్రమాదంలో పనికొచ్చే ఒకే ఒక్క సాధనానికి తాళం వేసుకుంటున్నాడు. పాత తరం సిర్రస్‌లో టేకాఫ్ తర్వాత 500 అడుగులు దాటగానే పారాచూట్ అందుబాటులోకి వచ్చినట్టు లెక్క. ఆ ఎత్తు నుంచి 2,000 అడుగుల లోపు ఇంజిన్ పోతే ఆలోచించకుండా లాగమని నేర్పుతారు. సమంగా ఎగురుతుంటే లాగాక సుమారు 400 అడుగులు కోల్పోతాం, గింగిరాలు తిరుగుతూ పడే స్పిన్‌లో ఒక చుట్టు తిరిగాక లాగితే 920. ఈ లెక్కల్లో, వణికే చేతులతో పైకప్పులో పిన్ వెతుక్కునే టైము ఎక్కడా లేదు.

ఇక పిడుగు గురించి నిజంగా ఆలోచించాల్సిన విషయాలు. విమానానికి తగిలే పిడుగుల్లో ఎక్కువ భాగం ఎక్కడో పుట్టి వచ్చి తగిలేవి కావు, విమానమే మొదలుపెట్టేవి. బాగా చార్జ్ అయిన మబ్బు దగ్గరికి పొడుగాటి వస్తువు వెళ్తే దాని రెండు కొనల నుంచీ మెరుపు మొలకెత్తుతుంది. 1980 నుంచి 1986 దాకా నాసా ఒక ఎఫ్-106బి యుద్ధ విమానాన్ని పనిగట్టుకుని ఉరుముల మబ్బుల్లోకి తిప్పింది. దానికి 714 సార్లు పిడుగు తగిలింది. ఈ జ్ఞానం చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. సాధారణంగా ఉష్ణోగ్రత 0 డిగ్రీల దగ్గరున్న ఎత్తులో, మబ్బులో, వానలో ఉన్నప్పుడు ఎక్కువగా తగులుతుంది. ఫ్లోరిడా వేసవిలో ఆ ఎత్తు 14,000–15,000 అడుగుల దగ్గర ఉంటుంది, మీరు అంత పైకి పోరు. అలాగని ఊరట పడొద్దు. మబ్బు కింద, వాన తెర పక్కన ఎగిరేవాళ్ళకి మబ్బు నుంచి నేలకి పడే పిడుగు దారిలో ఉండే ప్రమాదం ఉంటుంది. అవి తక్కువే అయినా గట్టివి. డన్‌స్టబుల్ గ్లైడర్‌కి తగిలింది అలాంటిదే.

మీరున్న చోట వేసవి మధ్యాహ్నాలు అటు గల్ఫ్ నుంచీ ఇటు అట్లాంటిక్ నుంచీ వచ్చే సముద్రపు గాలులు రాష్ట్రం మధ్యలో ఢీకొని మబ్బులు లేస్తాయి. టాంపా నుంచి ఆర్లాండో దాకా ఉన్న పట్టీలో అమెరికా మొత్తం మీద ఎక్కువ పిడుగులు పడే చోట్లున్నాయి. ట్రైనింగ్ స్లాటు పోతుందని మధ్యాహ్నం రెండింటికి బయల్దేరే బదులు పొద్దున్నే స్లాటు అడుక్కోండి. తీవ్రమైన ఉరుముల మబ్బుకి కనీసం 20 మైళ్ళ దూరం ఉండాలని ఎఫ్ఏఏ చెప్తుంది. ట్యాబ్లెట్‌లో కనిపించే రాడార్ బొమ్మని నమ్మి రెండు మబ్బుల మధ్య సందులోంచి దూరొద్దు. స్క్రీన్ మీద "ఇంత నిమిషాల పాతది" అని రాసినదానికన్నా ఆ బొమ్మ 15–20 నిమిషాలు పాతదై ఉండొచ్చని అమెరికాలో విమాన ప్రమాదాల్ని దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది. ఫ్లోరిడా మబ్బుకి ఆ టైములో పుట్టి, పెరిగి, మీ సందుని పూడ్చేయడం చాలా తేలిక.

"పారాచూట్ ఉందిగా, మబ్బులో చిక్కుకుంటే లాగేద్దాం" అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి విలియం రాంకిన్ కథ చెప్పాలి. 1959 జూలై 26న ఈ అమెరికన్ మెరైన్ పైలట్ 47,000 అడుగుల ఎత్తులో యుద్ధ విమానం ఇంజిన్ పోయి ఎజెక్ట్ అయ్యాడు, అంటే సీటుతో సహా బయటికి ఎగిరి పారాచూట్‌తో దిగాడు. కింద ఉరుముల మబ్బు ఉంది. మామూలుగా పది నిమిషాల్లో నేల చేరాల్సినవాడు, గాలులు పైకీ కిందికీ విసిరేస్తుంటే సుమారు 40 నిమిషాలు మబ్బులోనే వేలాడాడు. బతికాడు. మీ విమానం పారాచూట్ కింద నిమిషానికి 1,700 అడుగులు దిగుతుంది, బలమైన మబ్బు లోపలి గాలి అంతకన్నా వేగంగా పైకి లేస్తుంది. మిగతాది మీరే ఊహించుకోండి. నేల చేరాక గాలి జోరుగా ఉంటే గొడుగు నిండి విమానాన్ని ఈడ్చుకుపోవచ్చు కూడా. ఇంత చెప్పినా, మబ్బులో విమానం అదుపు తప్పితే మాత్రం లాగాల్సిందే. అదుపు తప్పిన విమానం కన్నా వేలాడే విమానం నయం.

పిడుగు తగలడమే లాగడానికి కారణం కాదు. తెల్లటి వెలుగు, తుపాకీ పేలినంత శబ్దం, ఒక్కోసారి కాలిన వాసన. రాత్రిపూట అయితే కొన్ని సెకన్లు కళ్ళు కనిపించవు. అందుకే మెరుపులున్న చోట లోపలి లైట్లు పూర్తిగా పెంచుకుని, చూపు ప్యానెల్ మీద పెట్టమంటారు. డిస్‌ప్లేలు ఆరిపోవచ్చు, రీస్టార్ట్ కావచ్చు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోలకి విమానం బ్యాటరీతో పని లేదు కాబట్టి ఇంజిన్ మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. ముందు విమానం నడపండి. స్టాండ్‌బై పరికరాలు, అంటే డిస్‌ప్లేలు పోయినా పనిచేసే విడి పరికరాలు, చూడండి. బయట హారిజన్ కనిపిస్తుంటే దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకి పోండి. మబ్బులో ఉండి, అన్ని డిస్‌ప్లేలూ పోయి, స్టాండ్‌బై కూడా నమ్మలేని స్థితి వస్తే అది వేరే సంగతి, అప్పుడు హ్యాండిల్ ఉంది. మ్యాగ్నెటిక్ కంపాస్‌ని మాత్రం నమ్మొద్దు. పిడుగు చుట్టుపక్కల ఉక్కు భాగాలన్నిటినీ అయస్కాంతాలుగా మార్చేసి పోతుంది, కంపాస్ 30 డిగ్రీలు తప్పు చూపించినా ఆశ్చర్యం లేదు.

దిగి ఆపాక, సీటులోంచి లేవకముందే పిన్ పెట్టండి. పిన్‌కి అసలు చోటు అప్పుడే. విమానం వెనక భాగం దగ్గర, సామాను అర పైన ఎవర్నీ నిలబడనివ్వకండి. హ్యాండిల్ కదిపి "బాగానే ఉందా" అని మీరు చూడొద్దు. మెకానిక్‌కి చెప్పేటప్పుడు "పిడుగు తగిలింది" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. టైము, ఎత్తు, మబ్బులో ఉన్నారా బయటా, వెలుగు ఏ వైపు కనిపించింది, ఏయే పరికరాలు ఆరి వెలిగాయి, కంపాస్ ఎంత తప్పింది, అన్నీ రాయండి. అది చూసే మేము ఎక్కడ మొదలెట్టాలో తెలుసుకుంటాం. ప్రొపెల్లర్ కొనల మీద, రెక్కల కొనల మీద, తోక మీద సూదితో పొడిచినట్టు చిన్న కాలిన మచ్చలు వెతుకుతాం. పెయింటు బాగానే కనిపించినా కింద కాంపోజిట్ పొరలు విడిపోయి ఉండొచ్చు, తట్టి చూస్తే శబ్దం మారుతుంది. పారాచూట్ మూత చుట్టూ, కేబుల్ దారిలో, పట్టీలు పాతిన గాడి వెంట కాలిన గుర్తులుంటే ఆ సెట్టు మొత్తం బయటికి తీసి తయారీదారు చెప్పినట్టు చూడాలి, అవసరమైతే మార్చాలి.

అందరూ తప్పించుకోవాలని చూసేది ఇంజిన్ విషయంలోనే. ప్రొపెల్లర్‌కి తగిలిన కరెంటు దాన్ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసులోంచి, బేరింగ్‌లు దాటి పోతుంది. ఆ దాటేచోట సన్నటి నిప్పురవ్వలు లోహాన్ని గుంటలు పెడతాయి. విమానం దిగిన రోజు ఇంజిన్ సాఫీగానే తిరుగుతుంది, ఆయిల్ ప్రెషర్ బాగానే ఉంటుంది. ఆ గుంటలు పెరిగి బేరింగ్ పాడయ్యేది ఎన్నో గంటలు ఎగిరాక. అందుకే ఇంజిన్ తయారీదారులు పిడుగు తగిలిన ఇంజిన్‌ని విప్పి చూడమంటారు, ప్రొపెల్లర్ తయారీదారులు హబ్‌ని విడిగా చూడమంటారు. ఇది ఖర్చుతో కూడిన పని, రోజులు పడుతుంది. స్కూలు వాళ్ళు "బాగానే తిరుగుతోంది కదా" అని మర్నాడే దాన్ని మీకు షెడ్యూల్ చేస్తే, ఎక్కేముందు లాగ్‌బుక్ అడిగి, పిడుగు ఇన్‌స్పెక్షన్ జరిగినట్టు సంతకం ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ రోజుకి వేరే విమానం అడగండి.